పానా ఎవరి చేతిలో ఉండాలి?



2024లో వానలు పడే రోజుల్లో మన పల్నాడులోని పిడుగురాళ్లలో వాంతులు, విరేచనాలతో జనం ఆస్పత్రికి వరస కట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది గడిచేలోపే దాచేపల్లిలోనూ అదే గొడవ. అక్కడ ప్రాణాలు కూడా పోయాయి. అలాంటప్పుడు ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. ట్యాంకర్లు వస్తాయి. వైద్య శిబిరం పెడతారు. సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతారు. వీధి పొడుగునా బ్లీచింగు చల్లుతారు. నెల తిరిగేసరికి అంతా మామూలే. ఇవన్నీ చెయ్యాల్సిన పనులే, కాదనను. అయితే జబ్బు రాకముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అది మంత్రి చేసేదీ కాదు, డాక్టరు చేసేదీ కాదు. పానా పట్టుకుని చేసేది. ఆ పానా ఎవరి చేతిలో ఉండాలన్నదే ఇవాళ నేను మాట్లాడబోయే విషయం.

ముందుగా కుళాయి గుంట దగ్గరకు వెళ్దాం.

మన ఊళ్లలో చాలా వీధుల్లో కుళాయి నేలకు పైన ఉండదు. నీళ్లు ఎక్కడం లేదని గొట్టం కోసేసి, వీధి పక్కన గుంట తవ్వి, అందులోకి బిందె దించి పట్టుకుంటాం. గుంటకు జానెడు దూరంలో సైడు కాలువ. వాన పడిందంటే రెండూ ఒకటే. గొట్టం చివర కుళాయి కూడా ఉండదు, గుడ్డ పేలికో చెక్క బిరడానో దోపి ఉంటుంది. పొద్దున ఓ గంట నీళ్లు వదిలి కట్టేస్తారు. కట్టేశాక లైనులో మిగిలిన నీళ్లు పల్లానికి జారిపోతాయి. మెరకన ఉన్న గొట్టం ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. గాలి దొరికితే గాలి, గుంటలో మురుగు నిలిచి ఉంటే మురుగు. మర్నాడు నీళ్లు రాగానే మొదటి బిందెలో పడేది అదే. ఇది చాలదన్నట్టు కొందరు కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తారు. ఆ మోటారు లాగే లాగుడుకు నాలుగిళ్ల అవతల పగిలిన జాయింటులోంచి కాలువ నీళ్లు కూడా లైనులోకి ఎక్కుతాయి. మోటారు ఒకరిది, విరేచనాలు ఇంకొకరివి.

ట్యాంకులో ఎంత జాగ్రత్తగా బ్లీచింగు కలిపినా ఆ కష్టమంతా ఈ గుంట దగ్గర వృథా అవుతుంది. మరి గుంట పూడ్చి కుళాయిని మోకాలెత్తు లేపటానికి కావలసిందేమిటి? రెండు ఎల్బోలు, రెండు మూరల పైపు, ఒక కుళాయి, కాస్త సొల్యూషను, గొట్టం కదలకుండా చిన్న సిమెంటు దిమ్మ, కింద ఒక నాపరాయి పలక. మాచర్ల వైపు పలకకు కరువా! పని తెలిసినవాళ్లకు పూట పట్టదు. తెలియనివాళ్లం గనక ప్లంబరు కోసం నరసరావుపేటకో మాచర్లకో కబురు పెడతాం. ఇంత చిన్న పనికి ఆయన రాడు. వచ్చినా, పైకి లేపితే నీళ్లు ఎక్కవమ్మా అని చెప్పి వెళ్లిపోతాడు. ఆయన చెప్పేదీ అబద్ధం కాదు. ఒక్క ఇంట్లో లేపితే ఎక్కవు. పల్లంలో ఉన్న గొట్టాలన్నిటికీ కుళాయిలు బిగించి, మెరక మీద మోటార్లు తీయించి, వీధి మొదట్లో గేటు వాల్వు సరిగ్గా తిప్పితే ఎక్కుతాయి. అంటే ఇది వీధి వీధంతా ఒకే రోజు చేసుకోవాల్సిన పని. బయటినుంచి వచ్చే ప్లంబరు వల్ల అయ్యేది కాదు, ఆ వీధిలోనే పుట్టి పెరిగి ఎవరింట్లో ఎవరు మాట వింటారో తెలిసిన మనిషి వల్ల అవుతుంది. ఇంటివాళ్లకే ఈ పనులు నేర్పాలని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. ఖర్చు కలిసిరావడం ఆ తర్వాతి మాట.

పల్నాటి నీళ్ల కరువు మీద శ్రీనాథుడు చెప్పాడంటారే, ఆ చాటువులు ఇప్పుడు ఎత్తను. మీకందరికీ నోటికి వచ్చినవే. ఆయన కాలానికీ మన కాలానికీ మధ్య నాగార్జున సాగర్ వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లతో ఊరి చెరువులు నింపుకుని, కాలువ కట్టేసిన రోజుల్లో వాటి మీదే గడుపుతున్నాం. నీళ్ల కరువు చాలావరకు తీరింది. కాళ్ల కింద రాయి మాత్రం మారలేదు. గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల అంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలూ సున్నం బట్టీలూ వచ్చింది దానికోసమే. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కట్టడమూ, ఇంట్లో పెట్టుకున్న ఫిల్టరు త్వరగా పూడుకుపోవడమూ ఆ రాయి చలవే. వినుకొండ, బొల్లాపల్లి వైపు వెళ్తే ఫ్లోరైడు బాధ. మన పొరుగునే, అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో ఫ్లోరైడు జబ్బును దేశంలో మొట్టమొదటిసారి గుర్తించి రాశారు. ఫ్లోరైడుకు రుచీ లేదు, వాసనా లేదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేని చోట ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. అది కంటికి కనిపించే లెక్క కాదు, పరీక్ష చెయ్యాల్సిందే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెనాలి నల్లరేగడిలో పనికొచ్చే పాఠం గురజాల రాతినేల మీద పనికిరాదు. మరుగుదొడ్డి గుంట సంగతే తీసుకోండి. లోతుగా తవ్వితే ఎక్కువ కాలం వస్తుందని మనవాళ్ల నమ్మకం. రాయిని పగలగొట్టి మరీ పదడుగులు దింపి సిమెంటు వరలు వేయిస్తారు. సున్నపురాయిలో చీలికలు ఉంటాయి. మట్టి అయితే మురుగును వడగట్టి సూక్ష్మజీవుల్ని పట్టేస్తుంది. చీలిక పట్టదు, తిన్నగా తీసుకెళ్లి పక్కింటి బోరులో కలుపుతుంది. అసలు ఐదుగురున్న ఇంటికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న గుంటలు రెండు చాలు. రాయి చీలికలున్న చోట గుంట అడుగు మూసేసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక పోయాలి. ఆ ఇసుకే అక్కడ జల్లెడ. ఈ సంగతి ఊళ్లో తాపీమేస్త్రీకి తెలిస్తే ఊరంతటికీ తెలిసినట్టే. ఆయనకు తెలియకపోతే గోడ మీద ఎన్ని నినాదాలు రాసినా ఒకటే.

రెండు గుంటల దొడ్డిలో అసలు కీలకం పైనున్న చిన్న చాంబరు. దొడ్డిలోంచి వచ్చే గొట్టం అక్కడికి చేరి రెండుగా చీలుతుంది. ఒక దారి తెరిచి, రెండో దారికి ఇటుక అడ్డం పెట్టి మట్టితో మూయాలి. మొదటి గుంట నిండటానికి రమారమి మూడేళ్లు పడుతుంది. నిండాక ఇటుక తీసి మొదటి దారికి పెట్టాలి. మూసిన గుంటను రెండేళ్లు ముట్టుకోకూడదు. ఆ తర్వాత తీస్తే వాసన లేని పొడి ఎరువు. ఇంతే విద్య. మనవాళ్లు చేసేదేమిటంటే, చాంబరు మీద బిళ్ల పెట్టి ప్లాస్టరింగు చేసేస్తారు, రెండు దారులూ తెరిచే ఉంటాయి. రెండు గుంటలూ ఒకేసారి నిండుతాయి. అప్పుడు పట్నంనుంచి ట్యాంకరు రావాలి, అది లాగిన మురుగు ఊరవతల ఏ వాగు పక్కనో పారబోస్తారు. కట్టిచ్చిన రోజున ఇంటావిడను పిలిచి బిళ్ల ఎత్తి ఇటుక చూపించి ఉంటే ఈ తిప్పలేమీ ఉండవు.

ఎరువు అంటే ముఖం చిట్లించేవాళ్లకు ఒక సంగతి. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర, గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో, కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంటలోకి దిగి ఎరువు ఎత్తారు. పలు రాష్ట్రాల అధికారులు ఆయనతో ఉన్నారు. ఆ నెల ప్రధాని రేడియోలో చేసే మనసులో మాటలో కూడా ఈ ప్రస్తావన వచ్చింది. కేంద్ర కార్యదర్శి గుంటలో దిగాడని పేపర్లు ఫొటో వేశాయి. నాకు ఫొటో కంటే వాళ్లు ఎంచుకున్న ఊరు ముఖ్యమనిపిస్తుంది. గంగదేవిపల్లి అప్పటికే 1990లనుంచి సొంత నీళ్ల కమిటీ నడుపుకుంటున్న ఊరు. బాలవికాస సంస్థ తోడు నిలిస్తే జనం తలా కొంత వేసుకుని ట్యాంకు కట్టుకున్నారు. ఏ ఊరి గుంట తెరిస్తే నమ్మకంగా పొడి ఎరువు దొరుకుతుందో అధికారులకు తెలుసు. సరిగ్గా వాడిన ఊరే అందుకు పనికొస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఇలా గుంటలోకి దిగి ఎరువు ఎత్తడం రెండు గుంటల దొడ్డికే, అదీ రెండేళ్లు మూసి ఉంచిన గుంటకే. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించకండి. లోపల విషవాయువు ఉంటుంది, ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండో మనిషీ పడిపోతాడు. ప్రమాదకరంగా అలా శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం.

మళ్లీ నీళ్ల దగ్గరకు వద్దాం. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ కింద ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు అన్నారు. అందులో మంచి ఏర్పాటు ఒకటుంది, దాని గురించి ఎక్కువమందికి తెలియదు. ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పి, పెట్టె ఒకటి ఇవ్వాలి. కాగితం మీద బాగుంది. జరిగే తీరు చూస్తే, మండలాఫీసులో కుర్చీలు వేసి, తెర మీద బొమ్మలు చూపించి, టీ బిస్కట్లిచ్చి, ఫొటో దిగి పంపిస్తారు. పెట్టె సచివాలయం బీరువాలోకి చేరుతుంది. లోపలి మందు సీసాల మీద గడువు తేదీ ఉంటుంది, అది బీరువాలోనే దాటిపోతుంది. ఈత గురించి ఉపన్యాసం చెప్పి గట్టునే ఉంచినట్టు.

బాగా జరిగిన శిక్షణ కూడా చూశాను. అది ఒక ఇంటి వసారాలో జరిగింది. నేర్పే కుర్రాడు మూత బిగించిన చిన్న సీసాలు రెండు తెచ్చాడు. లోపల మందు పట్టించిన కాగితం ముక్క ఉంది. ఒకదాంట్లో వీధి కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఇంట్లో ప్లాస్టిక్ డ్రమ్ములోని నీళ్లు గీత వరకు నింపించాడు. ఇంటావిడకు ఇదంతా వేళాకోళంలా ఉంది.

“మా నీళ్లు తేటగానే ఉన్నాయి గదయ్యా.”

“ఉన్నాయిలే పిన్నీ. రేపు సాయంత్రం దాకా ఆగు.”

మలంలో ఉండే సూక్ష్మజీవులు నీళ్లలో ఉంటే ఆ సీసా ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. 1982లో గ్వాలియర్‌లో మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు కనిపెట్టిన పరీక్ష ఇది. పెద్ద ల్యాబు అక్కర్లేదు, కొద్దిపాటి వెచ్చదనం ఉంటే చాలు. రెంటచింతల ఎండలున్న జిల్లాలో దానికి లోటేముంది! మర్నాడు సాయంత్రానికి కుళాయి సీసా మామూలుగానే ఉంది. డ్రమ్ము సీసా సిరాబుడ్డిలా ఉంది. పిన్ని కాసేపు దాన్నీ డ్రమ్మునీ మార్చి మార్చి చూసింది. “అయితే పంచాయతీవాళ్ల తప్పు కాదన్నమాట” అంది. ఆ డ్రమ్ములో పొద్దున్నుంచీ పిల్లలు చేతులు ముంచి గ్లాసుతో తీసుకుంటున్నారు. ఆ పూటే డ్రమ్ము కడిగి ఎండబెట్టారు. కింద చిన్న కుళాయి ఉన్న డ్రమ్ము కొనమని ఆవిడ కొడుక్కి చెప్పింది. ఉపన్యాసంతో ఇది జరిగేదా? నల్ల సీసా చేసిన పని అది.

అలాగే క్లోరిన్ పరీక్ష. ట్యాంకు దగ్గర కాదు, వీధి చిట్టచివరి ఇంట్లో చెయ్యాలి. అక్కడి నీళ్లలో మందు చుక్క వేస్తే లేత పసుపు రంగు తేలాలి, లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. రంగు రాలేదంటే దారిలో ఎక్కడో మురుగు కలుస్తూ ఉండవచ్చు, లేదా బ్లీచింగు పొడి చచ్చుబడి ఉండవచ్చు. మూత తీసిన సంచిలో పొడి కొన్నాళ్లకే బలం కోల్పోతుందని చాలామందికి తెలియదు. ఇంటిమీద వెయ్యి లీటర్ల సింటెక్సు ఉన్నవాళ్లు మంచి పొడి రెండున్నర గ్రాములు, అంటే అరచెంచాకు కాస్త ఎక్కువ, చిన్న బక్కెట్టులో కలిపి, అడుగున మడ్డి దిగాక పైతేట మాత్రమే పోయాలి. గంట ఆగి వాడుకోవాలి. గుప్పెడు గుప్పెడు వేసి కంపు కొడుతోందని తిట్టుకోవడం వద్దు.

నేర్చుకోవడం మనవాళ్ల వల్ల ఏమవుతుందనే పెద్దమనుషులకు బోరింగు కథ చెప్పాలి. వీధి బోరింగు అసలు పేరు ఇండియా మార్క్ 2. సోలాపూర్‌లో తయారైన పంపును ఆధారం చేసుకుని 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో దాన్ని తీర్చిదిద్దారు. గట్టి పంపు. కానీ లోపల చిన్న వాషరు అరిగినా పైపులన్నీ పైకి లాగాల్సిందే. అందుకు ముక్కాలి, గొలుసులు, నలుగురు మనుషులు, బండి. మండలంనుంచి ఆ బండి వచ్చేదాకా ఊరు ఎదురుచూసేది. తర్వాత మార్క్ 3 వచ్చింది. పైపు వెడల్పు చేశారు, దాంతో పైపును కదపకుండానే లోపలి పిస్టన్ను, అడుగు వాల్వును పైకి లాగవచ్చు. ఇద్దరు మనుషులు, నాలుగు పనిముట్లు చాలు. యంత్రాన్నే ఊరి మనిషికి తగ్గట్టు మార్చారన్నమాట. 1990లలో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య చదువు రాని ఆడవాళ్లకు బోరింగు రిపేరు నేర్పింది. వాళ్లు నేర్చుకున్నారు, చేశారు. డ్వాక్రా సంఘాల లెక్కలు వేళ్ల మీద చెప్పే మన ఆడవాళ్లకు వాషరు మార్చడం ఒక లెక్కా!

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బరంపురం పక్కనే, ఒడిశాలో, గ్రామ్ వికాస్ అనే సంస్థ ఉంది. 1992లో మొదలుపెట్టిన పనిలో వాళ్ల నియమం ఒక్కటే. ఊళ్లో అన్ని ఇళ్లూ ఒప్పుకుంటేనే పని మొదలు, ఒక్క ఇల్లు మిగిలినా లేదు. మెరక వీధి, పల్లపు వీధి, పాలెం అన్న తేడా లేకుండా అందరికీ మరుగుదొడ్డి, స్నానాలగది, కుళాయి ఒకే రకంగా వస్తాయి. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున మూలధనం జమ చేసి, దాని వడ్డీని తర్వాత విడిపడే కొత్త కాపురాలకు వాడతారు. ఊరి కుర్రాళ్లకు తాపీపని నేర్పి ఆ కట్టుబడులు వాళ్లచేతే చేయించారు. కట్టిన చెయ్యి ఊళ్లోనే ఉంటుంది కాబట్టి పగిలితే బాగుచేసేదీ ఆ చెయ్యే. పల్నాడు మొత్తం అలా చెయ్యమని నేను అనడం లేదు. మన ఊళ్లలో అందరూ ఒక్కమాట మీదకు రావడం ఎంత కష్టమో నాకూ తెలుసు. ఒక వీధితో మొదలుపెట్టవచ్చు గదా.

ఇక డబ్బు. ఈ పనిని సేవగా ఉచితంగా చేయించుకోవాలనే ఆలోచన మానుకోవాలి. ఉచిత సేవ ఆర్నెల్లు నడుస్తుంది, ఆ తర్వాత ఆ మనిషి మిరపకోతకు వెళ్తుంది. ఎందుకు వెళ్లదు? నేర్చుకున్న మనిషికి వాషరు మారిస్తే ఇంత, చాంబరులో ఇటుక మారిస్తే ఇంత, వీధికి నీళ్ల పరీక్ష చేస్తే ఇంత అని పంచాయతీ రేటు కట్టాలి. డబ్బెక్కడిది అంటారేమో, 2021నుంచి 2026 వరకు అమల్లో ఉన్న 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే కేటాయించింది. 2025 బడ్జెట్లో జలజీవన్ మిషన్‌ను 2028 దాకా పొడిగిస్తూ నిర్వహణ మీద, ప్రజల భాగస్వామ్యం మీద దృష్టి పెడతామన్నారు. మనమూ కొంత మారాలి. రోజూ ఇరవై లీటర్ల టిన్నుకు జేబులోంచి తీసిస్తాం, కుళాయి పన్ను కట్టమంటే మాత్రం గుమాస్తాతో పోట్లాడతాం. ఆ టిన్ను లోపల ఎప్పుడు కడిగారో అడిగిన పాపాన పోం.

చివరగా మిమ్మల్ని అడిగేవి రెండే. ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు నీళ్ల పరీక్ష నేర్చిన మన ఊరి ఐదుగురూ ఎవరని అడగండి. పేర్లు చెబితే, ఆ పెట్టె తెప్పించి సీసాల మీద గడువు తేదీ చదవండి. పేర్లు లేకపోతే, మీ వీధినుంచి ఒకరి పేరు అక్కడికక్కడే రాయించండి. రెండోది ఇంటి పని. రెండు గుంటల దొడ్డి ఉన్నవాళ్లు ఈ ఆదివారం చాంబరు బిళ్ల ఎత్తి చూడండి. రెండు దారులూ తెరిచి ఉంటే, ఒకదానికి ఆ పూటే ఇటుక పెట్టి మట్టి మెత్తండి. మూసిన తేదీ గోడ మీద రాసిపెట్టండి.